గీత అవతల కల్లం

ఒంగోలులో యాభై ఒకటికి ముప్పై ఎనిమిదితో ఓడిపోయి వచ్చిన మూడో రోజున, సోమవారం పొద్దున్నే, ఆ ఓటమికి ఒక మనిషి పేరు కావాలన్నారు కరస్పాండెంటు శివరామకృష్ణ గారు.

"ఎవరివల్ల ఓడిపోయామో రాసివ్వమ్మా. రెండింటికల్లా నా టేబుల్ మీదుండాలి. కథలొద్దు, పేరు కావాలి," అన్నారు బాస్కెట్‌బాల్ టీము కెప్టెన్ జాస్మిన్‌తో. పేరు రాసిస్తే ఆ పిల్లని తీసేసి, మిగతావాళ్ళని శనివారం పొన్నూరు మ్యాచ్‌కి పంపుతారట. రాయకపోతే ఇక ఆ కాలేజీలో ఆడపిల్లలకు బాస్కెట్‌బాల్ అనేదే ఉండదట.

ఆ పేరేమిటో ఆయన నోటితో అనలేదు. అనక్కర్లేదు కూడా, కాలేజీ మొత్తం అప్పటికే అనేసింది. హనుమాయమ్మ. ఆట చివర్లో ఆ పిల్లకి రెండు ఫ్రీ త్రోలు వచ్చాయి. రెండు బంతులూ రింగుకి తగలను కూడా తగల్లేదు. ఆ తర్వాత బస్సులో ఒంగోలు నుంచి చిలకలూరిపేట దాకా ఏడ్చింది. ఏడ్చినవాళ్ళదే తప్పని తేల్చేయడం మన జనానికి ఎంత తేలికో! అదే హనుమాయమ్మ నవ్వుకుంటూ బస్సు దిగి ఉంటే ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు.

టీములోంచి తీసేయడమంటే మాటలు కాదు. ఆటలో ఉందనే హనుమాయమ్మకి హాస్టల్లో చోటిచ్చారు. ఆట పోతే హాస్టలు పోతుంది. హాస్టలు పోతే వాళ్ళ ఊరి నుంచి ప్రత్తిపాడు దాకా రోజూ వచ్చి పోవడానికి బస్సు లేదు కాబట్టి చదువూ పోతుంది. ఈ లెక్క శివరామకృష్ణ గారికి తెలియదు. తెలుసుకోవాలని ఆయనకి అనిపించనూ లేదు. జాస్మిన్‌కి మాత్రం తెలుసు, అందుకే ఆఫీసు మెట్లు దిగుతున్నప్పుడు ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

"రాసెయ్యమ్మా," అంది ఫిజికల్ డైరెక్టర్ సుబ్బరావమ్మ మేడం, స్కోరు పుస్తకం చేతికిస్తూ. మంచి మనిషే. పదకొండేళ్ళుగా ఆ కాలేజీలో పిల్లల చేత ఆటలాడిస్తోంది. ఆ పదకొండేళ్ళలో కరస్పాండెంటు గారి ముందు 'సరేనండి' తప్ప మరో మాట అన్నట్టు ఎవరికీ గుర్తులేదు. "ఒక్కదాని కోసం అందరూ పోతారా? నువ్వైనా ఆలోచించు. నీకిది ఆఖరి ఏడాది."

"ఓడింది పదిమందిమి మేడం. ఒక్కళ్ళ పేరెట్టా రాస్తాను?"

"మరి దేనివల్ల ఓడిపోయామో చెప్పు."

నిజం చెప్పాలంటే అది జాస్మిన్‌కీ తెలియదు. సగం ఆట అయ్యేసరికి వీళ్ళే ముందున్నారు, ఇరవై రెండుకి పదిహేడు. మంచినీళ్ళు తాగి మళ్ళీ దిగాక ఏం పుట్టిందో ఏమో, అవతలి వాళ్ళు ముప్పై నాలుగు కొట్టారు, వీళ్ళు పదహారు దగ్గరే చతికిలపడ్డారు.

కోర్టు పక్కన వేపచెట్టు నీడలో టీముని కూర్చోబెట్టి పుస్తకం తెరిచింది. హనుమాయమ్మ కాస్త ఎడంగా కూర్చుని గడ్డిపరకలు పీకుతోంది.

"ఒసేయ్, ముందు నీ సంగతి తేలుద్దాం, ఇట్రా," అంది జాస్మిన్. "నీ రెండూ పడ్డాయే అనుకో. యాభై ఒకటికి నలభై. అప్పుడైనా పదకొండు తేడాతో పోయేవాళ్ళం. మరి ఆ పదకొండూ ఎవరు మింగారే?"

హనుమాయమ్మ తలెత్తింది. ఈ మూడు రోజుల్లో ఎవరూ ఆ తీసివేత చేసిన పాపాన పోలేదు.

పుస్తకంలో రెండో సగం పేజీ మీద వేలు పెట్టి కిందికి జరుపుతూ పోయింది జాస్మిన్. తొమ్మిదో నెంబరు రెండు పాయింట్లు. మళ్ళీ తొమ్మిదో నెంబరు. మళ్ళీ. ముప్పై నాలుగింటిలో ఇరవై రెండు ఆ ఒక్క పిల్లే వేసింది. మొదటి సగంలో ఆ పిల్ల వేసినవి నాలుగు.

"ఆ పొడుగుపిల్లా?" అంది శ్రీరమ్య. ఆ టీములో అందరికన్నా వేగంగా పరిగెత్తేది తనే. "అదేమంత గొప్పగా ఆడిందే? మన రింగు కింద ఊరికే నిలబడింది. బంతి దూరం నుంచి విసిరారు, అందుకుంది, వేసింది."

"నిలబడితే నువ్వేం చేస్తున్నావే?"

"నేనా... వెనక్కి వస్తున్నాను."

"నేనూ వస్తున్నా," అంది మరో పిల్ల.

అందరూ వస్తూనే ఉన్నారట. వచ్చి చేరిన వాళ్ళు మాత్రం ఒక్కళ్ళూ లేరు. జాస్మిన్ తల పట్టుకుంది. తనూ వస్తూనే ఉన్నట్టు గుర్తు, చేరేసరికి ఆ తొమ్మిదో నెంబరు పిల్ల చేతులు దులుపుకుంటున్నట్టూ గుర్తు.

"లేవండి. ఆడి చూద్దాం," అంది.

ఆ కాలేజీకి ఉన్నది ఒకటే కోర్టు. జనవరి నుంచి అందులో తూర్పు సగమే వీళ్ళది. పడమటి సగం నిండా శివరామకృష్ణ గారి మిరపకాయలు ఎండుతున్నాయి. ఆయన చేలన్నీ నల్లరేగడి. మట్టి కల్లంలో పోస్తే మంచుకి చెమ్మెక్కి, రంగు పోయిన తాలుకాయలు ఎక్కువవుతాయని, కాలేజీ కట్టించినప్పటి నుంచీ ఏటా పంట ఈ సిమెంటు మీదికే వస్తుంది. కోర్టు మధ్యగీత దాకా ఎర్రగా పరిచి, గీత మీద కూలిమనిషి మదార్‌బీని కాపలా పెడతారు. ఎండిన కాయ మీద బూటు పడితే చిట్లి గింజలు రాలిపోతాయి. ఎవరైనా గీత దగ్గరికి రాగానే, "కాయ మీద కాలేశావంటే కాలిరగ్గొడతా!" అని కర్ర ఎత్తుతుంది మదార్‌బీ. ఇందులో ఎవరికీ వింతేమీ లేదు. మిరప రోజుల్లో ఆ చుట్టుపక్కల బడి వరండాల మీద, డాబాల మీద, రోడ్ల వార కూడా కాయలే ఉంటాయి. ఆట సగం కోర్టులో ఆడుకోవచ్చు కదా అని ఆడుకున్నారు.

జాస్మిన్ బంతిని హనుమాయమ్మకి ఇచ్చింది. "వెళ్ళి వెయ్యి. వేసిన వెంటనే బంతి వాళ్ళకి దొరికిందనుకో. వెనక్కి పరిగెత్తు. ఒంగోలులో ఎట్టా పరిగెత్తావో అట్టాగే."

హనుమాయమ్మ బంతి వేసి, వెనక్కి తిరిగి, జింకపిల్లలా దూకింది. గీత దగ్గరికి రాగానే రెండు కాళ్ళూ జోడించి టక్కున ఆగిపోయింది. మదార్‌బీ కర్ర ఎత్తను కూడా ఎత్తలేదు.

అందరూ పకపకా నవ్వారు. హనుమాయమ్మ కూడా నవ్వింది, మూడు రోజుల తర్వాత. ఆ నవ్వు మధ్యలోనే జాస్మిన్ గీత వంక చూసి అడిగింది.

"ఒంగోలులో కూడా ఆగావా?"

నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. శ్రీరమ్య తన బూట్ల వంక చూసుకుంది. "నేను ఆగానే. గీత దగ్గర ఒక్క క్షణం... ఎందుకాగానో నాకే తెలియలా."

ఆగింది హనుమాయమ్మ ఒక్కతే కాదు. అందరూ ఆగారు. ఒంగోలు కోర్టులో గీత అవతల ఒక్క కాయ కూడా లేదు, అయినా పదిమంది కాళ్ళూ అక్కడ కల్లం ఉన్నట్టే జంకాయి. మొదటి సగంలో ఆ సంగతి అవతలి వాళ్ళు గమనించలేదు. మంచినీళ్ళ వేళకి వాళ్ళ మేడం గమనించింది, పొడుగుపిల్లని తీసుకెళ్ళి వీళ్ళ రింగు కింద నిలబెట్టింది. ఆ మేడం పుణ్యమా అని వీళ్ళ జబ్బేమిటో వీళ్ళకన్నా ముందు ఒంగోలుకి తెలిసింది.

జాస్మిన్ అక్కడే కూర్చుని రాసింది. మొదటి సగం ఎంత, రెండో సగం ఎంత, తొమ్మిదో నెంబరు ఎన్ని, ఎవరెవరు ఎక్కడ ఆగారు, అన్నీ రాసింది. ఆఖరున 'ఓటమికి కారణమైనవారు' అని రాసి, కింద గీత గీసింది. ఆయన పేరే అడిగారు. కథలొద్దన్నారు. సరే, ఆయన మాటే చెల్లాలి. 'మా కళాశాల కరస్పాండెంటు శ్రీ శివరామకృష్ణ గారు' అని గుండ్రటి అక్షరాలతో రాసింది. గారు మాత్రం మానలేదు.

రెండింటికి ఆయన ఆ కాగితం చదివారు. చివరిదాకా వచ్చాక కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు.

"ఇదేంటి?"

"మీరడిగిన పేరండి."

"మీ అమ్మ పేరేంటి?"

"ఆదెమ్మండి. మీ చేలోనే కాయ కోస్తది."

"ఆవిడకి తెలుసా నువ్విట్టాంటివి రాస్తావని? మిరపకాయ అన్నం పెడుద్ది. నీ బంతి పెడుద్దా?"

"మిరపకాయ అన్నం పెడుద్దని మాకంటే ఎవరికి తెలుసండి? అందుకేగా దాని మీద కాలు పడకుండా ఆగింది!" జాస్మిన్‌కి భయం వేసింది. వేసినా మాట ఆపలేదు. "మేం భయపడి ఓడిపోలేదండి. చేతగాకా ఓడిపోలేదు. సగం కోర్టిచ్చి మొత్తం ఆట గెలవమంటే ఎట్టాగండి?"

"నా పేరు కొట్టేసి ఆ పిల్ల పేరు రాయి. లేదా పొన్నూరు మర్చిపో."

జాస్మిన్‌కి పొన్నూరు కావాలి. ఆ ఆఖరి ఏడాదిలో ఆమెకి మిగిలింది ఆ ఒక్క మ్యాచే.

"సరేనండి, పొన్నూరు పోం. హనుమాయమ్మ పేరు మాత్రం రాయను. ఆ రాసింది కొట్టెయ్యను కూడా."

ఆయన కాగితాన్ని రెండుగా చించబోయారు. అప్పటిదాకా తలుపు పక్కన ఒదిగి నిలబడ్డ సుబ్బరావమ్మ మేడం ముందుకొచ్చి, "ఒక్క నిమిషమండి," అని ఆ కాగితం అందుకుంది. టేబుల్ మీది కలమే తీసుకుని జాస్మిన్ సంతకం కింద తన సంతకం పెట్టింది. సంతకం వంకరపోయింది.

"పొన్నూరుకి పేర్ల జాబితా పంపేది నేనండి," అంది, ఆయన మొహం కాకుండా గోడ గడియారం చూస్తూ. "పిల్లలు శనివారం ఆడతారు. కాలేజీ వ్యాను ఇవ్వకపోతే ఆర్టీసీ బస్సులో తీసుకుపోతాను."

శివరామకృష్ణ గారు ఏదో అనబోయి, ఎవరిని అనాలో తేలక, ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. జాస్మిన్ ఆ సందు వదల్లేదు. "మీ కారు షెడ్డు ముందు సిమెంటు చేయించారు కదండీ, ఎండ కూడా బాగా తగులుద్ది. కాయలు అక్కడికి చేరుస్తాం. ఒక్కటి కూడా చిట్లదండి, మాది కాయ కోసే చెయ్యి," అని, ఆయన ఔననక ముందే, కాదనక ముందే బయటికొచ్చేసింది.

పిల్లలంతా పట్టాలు పరిచి, చేటలతో కాయలు ఎత్తి పోసి, నలుగురేసి నాలుగు మూలలు పట్టుకుని మోశారు. మదార్‌బీ మొదట కర్రతో అడ్డం పడింది. పిల్లలు కాయ ఎత్తే తీరు చూశాక కర్ర పక్కన పారేసి తనూ ఒక మూల పట్టుకుంది. పడమటి సగం ఖాళీ అవడానికి రెండు గంటలు పట్టింది. సిమెంటుకి ఎర్రటి దుమ్ము మాత్రం అంటుకునే ఉంది.

"పరిగెత్తండి," అంది జాస్మిన్.

పరిగెత్తారు. గీత దగ్గర పదిమందీ ఆగిపోయారు. జాస్మిన్ కూడా ఆగింది. ముందు ఏమీ లేదని కంటికి కనిపిస్తూనే ఉంది, అయినా కాలు ముందుకు పడలేదు. తన కాలి మీద తనకే కోపమొచ్చింది.

"మళ్ళీ."

మళ్ళీ ఆగారు. మళ్ళీ పరిగెత్తారు. ఏడోసారో ఎనిమిదోసారో హనుమాయమ్మ గట్టిగా కళ్ళు మూసుకుని గీత దాటేసింది. దాటి, అవతలి రింగు స్తంభానికి గుద్దుకునేదాకా ఆగనేలేదు. బూట్ల కింద లేచిన దుమ్ముకి అందరూ దగ్గుతున్నారు, కళ్ళ నీళ్ళు కారుతున్నాయి.

"ఆఫీసు కిటికీలోంచి ఆయన చూస్తున్నాడే," అంది శ్రీరమ్య దగ్గుతూనే.

"చూడనీ," అంది జాస్మిన్. "నువ్వు పరిగెత్తు."