జాబితాలో రాయని డబ్బా

మైరన్ ఇంటి నుంచి నా సామాను తెచ్చుకోవడానికి శనివారం పది నుంచి పన్నెండు దాకా గడువు. మా విడాకుల లాయర్లిద్దరూ ఒప్పుకున్న జాబితా నా చేతిలో ఉంది: బట్టలు, కుట్టుమిషన్, మందులు, మంచు బూట్లు. ఇరవై రెండేళ్ల కాపురం ఒక్క కాగితంలో ఇమిడిపోయింది.

నాకు అసలు కావలసింది అందులో లేదు. నేలమాళిగలో ఫ్రీజర్ అడుగున, పాత ఐస్‌క్రీం డబ్బాలో అమ్మ చేసిన పెరోగీలున్నాయి. బంగాళాదుంప కూరి కజ్జికాయల్లా అంచు నొక్కినవి, పన్నెండు. పోయే ముందు వారం చేసింది. రెండేళ్లుగా తినలేదు, పారెయ్యలేదు.

"అదీ రాయించక్కా" అంది మా చెల్లెలు లెస్యా.

"రాయిస్తే అదంటే నాకు ప్రాణమని తెలిసిపోతుంది. ఇక ఇస్తాడా? ఏమీ ఎరగనట్టు సంచిలో వేసుకొస్తాలే."

అతితెలివి నాకు పుట్టుకతో వచ్చింది.

లెస్యా కారులోనే ఉండిపోయింది. తలుపు తీయగానే వెన్నలో వేగిన ఉల్లిపాయల వాసన. పెళ్లయ్యాక గుడ్డు కూడా ఉడకబెట్టని మనిషి ఏప్రన్ కట్టుకుని నిలబడ్డాడు.

"కూర్చో హాల్యా. పొద్దున్నుంచీ ఏమీ తిని ఉండవు. చర్చి ఆడవాళ్లు అమ్మే పెరోగీలనుకుంటా, ఫ్రీజర్‌లో ఓ డబ్బా కనబడితే ఉడికించా."

మా డాఫిన్ ఊరి వైపు శత్రువునైనా ఖాళీ కడుపుతో పంపరు.

పళ్లెం చూశాను. అమ్మ చూపుడువేలి కొస ఎప్పుడో పిండి కలిపే యంత్రంలో పోయింది. అందుకే ఆమె నొక్కిన అంచు ఒక పక్క కాస్త ఎత్తుగా మిగిలేది. పన్నెండింటికీ అదే అంచు.

అరుద్దామనుకున్నాను. ఎవరిమీద? నేనొక్క మాట చెప్పి ఉంటే అతను ముట్టేవాడు కాదు.

"ఏమైంది? ఉప్పు చాల్లేదా?"

"సరిపోయింది."

"నేనూ రెండు వేసుకోనా?"

"వద్దు."

నా మొహం చూసి ఫోర్కు కింద పెట్టేశాడు. ఏడుస్తూనే తిన్నాను. పదో దానికి కడుపు నిండిపోయింది. అయినా పన్నెండూ తిన్నాను, ఒక్కటి కూడా మిగల్చబుద్ధి కాలేదు. డబ్బా కడిగి సంచిలో పెట్టుకున్నాను.

కారెక్కగానే లెస్యా సంచిలోకి తొంగిచూసింది. "దొరికిందా! ఆరు నీకు, ఆరు నాకు. అమ్మ నాకూ అమ్మేగా?"

మూత తీయబోయింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను.