టేకు గడప మీద నాలుగో వంతు

నేను ఒక గడపను. ఓ బియ్యం వర్తకుడి ఇంటి ముందు నలభై ఏళ్లు పడి ఉన్న టేకు చెక్కను. రోడ్డు వెడల్పులో ఆ ఇల్లు పోయాక పాత కలప దుకాణంలో వానకు తడిశాను. మనుషుల భక్తి నాకు తెలుసు. శుక్రవారం పసుపు రాసి మొక్కుతారు, శనివారం తొక్కుకుంటూ పోతారు.

సత్యవేణి నన్ను బేరమాడి కొనుక్కుంది. విశాఖలో ఆమె కొన్న ఫ్లాటుకు గడప లేదు. "గడప లేకపోతే అది ఇల్లేటి?" అని భర్త నూకరాజుతో పోట్లాడి మరీ పెట్టించింది.

ఫ్లాటు ఇరవై లక్షలు. అందులో నాలుగో వంతు, అంటే ఐదు లక్షలు, ప్రభుత్వం పెట్టింది. వడ్డీ లేదు. కానీ తీర్చే రోజున ఇంటికి ఎంత ధర ఉంటే అందులో నాలుగో వంతు కట్టాలి. తీర్చేదాకా ఆ వంతు ప్రభుత్వానిదే. తొమ్మిదో తరగతితో బడి మానేసిన సత్యవేణికి ఆ కాగితంలో ఐదు లక్షలే కనబడ్డాయి.

ఏడేళ్లలో పక్కన పెద్ద రోడ్డు పడింది. నూకరాజు వెల్డింగు పని చేసి, ఓవర్‌టైములు చేసి, ఎనిమిది లక్షలు కూడబెట్టాడు. ఇలాగే కొన్న ఎదురింటి పైడితల్లి ఫ్లాటుకు మొన్ననే ముప్పై రెండు లక్షలని ధర కట్టారు. దాని నాలుగో వంతు సరిగ్గా ఎనిమిది. ఇంక ఇల్లు మనదే అనుకున్నారు.

ప్రభుత్వం తరఫున ధర కట్టే ఆయన వస్తున్నాడని తెలిసి సత్యవేణి రెండు రోజులు నిద్రపోలేదు. చంటిదాన్ని చంకన వేసుకునే గోడల చెమ్మ గీకి రంగు వేయించింది. కొత్త కర్టెన్లు కట్టింది. నన్ను కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టింది. ఇంటికొచ్చిన ఆఫీసరు ముందు ఇల్లు వెలవెలబోకూడదు కదా.

ఆయన నా దగ్గర ఆగాడు.

"టేకా అమ్మా?"

"అసలు టేకండి!" అంది గర్వంగా. ఉప్మా కూడా పెట్టింది.

ఆయన ముప్పై ఆరు రాసి వెళ్లాడు. తొమ్మిది లక్షలు కట్టాలి.

కాగితం చూసి పైడితల్లి నెత్తి కొట్టుకుంది. "ఒలే పిచ్చిదానా! ఆయనొచ్చిన రోజు నేను తడి బట్టలన్నీ ముందు గదిలోనే ఆరేశాను. చెమ్మ మచ్చకు బీరువా కూడా అడ్డం పెట్టలేదు. నువ్వేమో పెళ్లికూతుర్ని చేసి సూపించావు!"

లక్ష తక్కువ. ఆ కాగితం మూడు నెలలే చెల్లుతుంది. ఆ తర్వాత మళ్లీ ధర కడతారు, అది ఇంకా పెరుగుతుంది. నూకరాజు మళ్లీ ఓవర్‌టైముకు పేరు రాయించుకున్నాడు. అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

ఆ సాయంత్రం సత్యవేణి పిల్లను ఒళ్లో వేసుకుని నా మీద కూర్చుంది. ఏడేళ్లలో ఎవర్నీ నా మీద కూర్చోనివ్వని మనిషి.

"గడప మీద కూకున్నావేటే?" అన్నాడు నూకరాజు, డ్యూటీ నుంచి వస్తూ.

"ఆ చివర గవర్నమెంటుది. నేను మన మూడొంతుల్లోనే కూకున్నాను."

అతను నవ్వబోయి ఆగిపోయాడు. బూట్లు విప్పి, ఆ చివరను వదిలేసి, ఇరుకుగా ఆమె పక్కనే కూర్చున్నాడు. ముగ్గురి బరువూ మోశాను. ఖాళీగా ఉన్న ఆ చివరే ఎందుకో ఎక్కువ బరువనిపించింది.