మిద్దె మీది పుల్లటమాట

మల్లమ్మ చెయ్యి పెడితే ఎండుకట్టె కూడా చిగురేస్తదని నీలం నగర్‌ల పేరు. ఆమె కూడా కాదనదు, ఎందుకంటది? పొద్దంత చాట ఒళ్ళె పెట్టుకొని బీడీలు చుడుతది. నడుమ నడుమ లేసి పోయి, వాకిట్ల రంగు డబ్బాలల్ల ఉన్న చెట్లను పిల్లల తల నిమిరినట్టు నిమిరి వస్తది.

ఈ ఏడు ఆ డబ్బాలల్ల ఉన్నయి మామూలు చెట్లు గావు. సిద్దిపేట దిక్కు వాళ్ళమ్మ పెరట్ల కాసిన పుల్లటమాట. కాయ మీద గీతలుంటయి. రెండు కోసి పప్పుల ఏస్తే చింతపండు అక్కరలేదు. ఒకసారి వాళ్ళమ్మ ఆ ఇత్తులు మల్లమ్మ అరచేతిల పోసి, గుప్పిట మూసి, "పోగొట్టకు బిడ్డా" అన్నది. ఇప్పుడు అమ్మ లేదు. ఆ పెరట్ల తమ్ముడు ఇల్లు కట్టిండు. మిగిలిన ఇత్తులన్నీ మల్లమ్మ ఈసారే పెట్టింది. ఇవి పోయినయంటే ఆ టమాట ఇగ ఎక్కడ అడిగినా దొరకదు.

అసొంటి చెట్లకు పేను పట్టింది. ఆకు కింద పచ్చగ, సన్నగ, నువ్వులు చల్లినట్టు. మల్లమ్మ జంకలేదు. బీడీలు చేసెటోళ్ళ ఇంట్ల పేనుకు మందు లేకపోవుడేంది? చాటల మిగిలిన తంబాకు చూరా పొడిని నీళ్ళల్ల నానబెట్టి, వడగట్టి, ఒక్కొక్క ఆకు తిప్పి తుడిచింది. రెండు రోజులల్ల పేను రాలిపోయింది.

"చూసినవా!" అని మొగుడు ఆంజనేయులుకు చూపెట్టింది. పవర్‌లూమ్ మీద చాదర్లు నేసి వచ్చిన మనిషి, చెవులల్ల ఇంకా ఆ చప్పుడే ఉన్నది. "ఆఁ, ఆఁ" అన్నడు.

పేను పోయింది. కొత్త రోగం వచ్చింది. ఆకుల మీద పసుపు మచ్చలు లేసినయి. కొనలు ముడుచుకొని తీగెల్లెక్క సన్నబడ్డయి. మల్లమ్మ బూడిద చల్లింది, వేపనూనె కొట్టింది, మళ్ళ తంబాకు నీళ్ళు పట్టించింది. ఏ పాపపు కండ్లు పడ్డయో అని ఎండుమిరపకాయలు దిప్పి పొయ్యిల కూడా ఏసింది. ఎంత చేస్తే అంత ముడుచుకుంటున్నయి.

అప్పుడే కోడలు పూనం ఒక మాటన్నది. "అత్తమ్మా, మిద్దె మీది చెట్టుకు పూత నిండుగున్నది."

మిద్దె మీద ఆ ఇత్తులదే ఇంకొక్క డబ్బ ఉన్నది. కింద జాగ చాలక పైకెక్కించిన్రు. మోకాళ్ళ నొప్పులకు మల్లమ్మ ఆ నిచ్చెన జోలికే పోదు. పూనం బట్టలారెయ్య పోయినప్పుడు ఇన్ని నీళ్ళు పోసి వస్తది.

"ఏమేసినవే దానికి?"

"ఏమెయ్యలే. నీళ్ళే."

"ఉత్త నీళ్ళకే పూత పడుతదా? నన్నేమన్న పిచ్చిదనుకున్నవా?"

పూనం నవ్వి మళ్ళ మిషన్ కాడ కూసున్నది. ఆమె టవల్ల అంచులు కుడుతది. టమాట చెట్టుకు, వంకాయ చెట్టుకు తేడా కూడా మొన్నమొన్ననే నేర్చుకున్నది. దానికి పూత, నాకు రోగమా? మల్లమ్మకు మనసుల మనసు లేదు. పైన ఎండెక్కువని కావచ్చని ఒక డబ్బను ఎండల పెట్టి చూసింది. మచ్చ మచ్చే ఉన్నది.

ఆఖరికి ఒక ఆకు తెంపుకొని కుంఠా నాకా కాడ దత్తాత్రి నర్సరీకి పోయింది. లోపల టమాట నారు పచ్చగ కనబడేసరికి ఆమె చెయ్యి ఊరుకుంటదా? నిమరబోయింది.

"మావశీ, హాత్ లావూ నకా! చెయ్యి పెట్టకు!" దత్తాత్రి ఒర్రిండు. "బీడీలు చేసి వచ్చినవా? తంబాకు చెయ్యి నా నారుకు తగలొద్దు."

"మా చేతులకేం పురుగులు పట్టినయారా?" మల్లమ్మకు మండిపోయింది. తెచ్చిన ఆకు కూడా చూపెట్టకుండ బయటపడ్డది. ఆటోల తిట్టుకుంట తిట్టుకుంట వచ్చింది. అశోక్ చౌక్ దాటేసరికి కోపం సగం దిగింది. దిగినకాడ ఒక ప్రశ్న వచ్చి కూసున్నది. వాని పనోడు కూడా షెడ్డు బయటనే నిలబడ్డడు గదా, నోట్లె తంబాకు ఏసుకొని. సొంత పనోణ్ణి కూడా లోపలికి రానియ్యడా? ఎందుకు?

గిన్నెలు తోమే కాడ బజారు టమాటల ఇత్తులు పడి రెండు మొలకలు వాటంతట అవే లేసినయి. మల్లమ్మ వాటిని రెండు డబ్బాలల్ల పెట్టింది. ఒకటి తను బీడీల కాడ నుంచి లేసి వచ్చి నిమురుతది. ఇంకొకటి పూనందే, దాని దిక్కు తను పోదు. "దత్తాత్రి మాట గెలుస్తదో, నా చెయ్యి గెలుస్తదో చూద్దాం" అన్నది. రోజూ లేవంగనే రెండిటి ముందల కూసుండి ఆకులు చూసుడే పని. చెయ్యే గెలవాలని ఎంత మొక్కుకున్నదో.

పక్షం తిరిగేసరికి పసుపు మచ్చ లేసింది. తను నిమిరిన దానికే.

మల్లమ్మ అక్కడనే కూలబడి ఏడ్సింది. "ఈ చేతులతోనే ఇల్లు నిలబెట్టిన. ఈ చేతులే మా అమ్మ చెట్లను తిన్నయి."

"చెయ్యి ఏం చేసిందే?" అన్నడు ఆంజనేయులు. "తంబాకుల రోగముంటే అది చెయ్యి పట్టుకొని వచ్చింది. అది చాలదన్నట్టు దాని నీళ్ళే తాగిపిస్తివి. కొండనాలికకు మందేస్తే ఉన్న నాలిక ఊడిందంటరే, అట్లయింది."

తెల్లారి చేతులు కొంగు కింద దాసుకొని మళ్ళ దత్తాత్రి కాడికి పోయింది. ఈసారి ఆయనే స్టూలేసిండు. రోగం పట్టినయి పీకి దూరం పారెయ్యాలె, వాటి కాయల ఇత్తు దాసుకోవద్దు అని చెప్పిండు. వాకిట్ల డబ్బాలన్నీ మల్లమ్మ ఆ చేతులతోనే ఖాళీ చేసింది. ఇగ వాటిని కొత్తగ చెడగొట్టేదేమున్నది?

మిద్దె మీద తొలికాయ పండింది. పూనం నిచ్చెన పట్టుకొని, "ఎక్కు అత్తమ్మా. మీ అమ్మ చెట్టు, నువ్వే కొయ్యాలె. సబ్బుతోని కడుక్కుంటే ఏం కాదు" అన్నది. మల్లమ్మ మోచేతుల దాక రుద్ది రుద్ది కడిగింది. వాసన చూసుకున్నది. ఎన్నేండ్ల తంబాకు, ఒక్క సబ్బుకు పోతదా?

మోకాళ్ళను తిట్టుకుంట ఎక్కింది, ఎనకనే పూనం ఎక్కింది. ఎర్రటి కాయ, దాని మీద ఆ గీతలే. "అమ్మా" అన్నది మెల్లగ. చెయ్యి దానంతట అదే ముందుకు పోయింది. ఎనక్కి గుంజుకొని రెండు చేతులు చంకల పెట్టుకున్నది.

"నువ్వే కొయ్యి బిడ్డా. ఇత్తులు నువ్వే తియ్యి, నువ్వే ఆరబెట్టు, నువ్వే దాయి."

"నువ్వు ముట్టుకోవా?"

"నాకు చూపెట్టు, చాలు."

పూనం కోసి, కాయను అత్త ముఖం ముందల పట్టింది. మల్లమ్మ చేతులు చంకల నుంచి తియ్యకుండనే, "పోగొట్టకు బిడ్డా" అన్నది.