నిలబడే గంట

బ్లేడు మార్చడానికి బాబాయ్‌కి కళ్లతో పని లేదు. బొటనవేలితో కత్తి మెడ దగ్గరి మరను రెండు చుట్లు వదులు చేసి, పాత బ్లేడును రేకు డబ్బాలో పడేసి, కొత్తది దూర్చి మళ్లీ రెండు చుట్లు బిగిస్తాడు. ఆ కాసేపూ కిటికీలోంచి బయటికి చూస్తాడు. ఎదురు మేడ మీద ఎవరో దుప్పటి దులుపుతున్నారు. ఈ ఉదయానికి ఇది మూడో బ్లేడు. కొంగ ఎడమ రెక్కలో ఇంకా నలభై ఈకలు మిగిలాయి. ఈకకు రెండు కోతలు, ఒక మడత.

కాగితం కొయ్యడం ఆయన పని. ముప్పై ఏళ్లుగా అదే గది, కిటికీ పక్కన అదే బల్ల. బల్ల మీద పరిచిన రబ్బరు పలక, ఆయన మోచేయి ఆనే చోట నున్నగా అరిగిపోయింది. మనిషి సన్నగా, పొడుగ్గా ఉంటాడు. మెడ కొద్దిగా ముందుకు వంగి ఉంటుంది. కుడి చూపుడు వేలి పక్కన పెసరగింజంత కాయ కాసింది. చొక్కా జేబులో ఒక పెన్సిలు, ఒక రబ్బరు ముక్క, మాత్రల అట్ట. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే "వాళ్లు అడగడం మర్చిపోయారు" అంటాడు. వాళ్లెవరో మాత్రం చెప్పడు.

బొమ్మలు ఊహించేది టీచరు. ఒకప్పుడు బడిలో డ్రాయింగు చెప్పేది, పిలుపు అలాగే నిలిచిపోయింది. ఆమె గీసిన దాన్ని బట్టి, రెండో గదిలో చెక్క అచ్చులతో కాగితం మీద రంగు వేసేది బావ. బాబాయ్‌కి స్వయానా అక్క మొగుడు. ఆ రంగు కాగితాన్ని కోసి, మడిచి, ఒకదాని నాలుక ఇంకోదాని చీలికలో దూర్చి, పక్షో మెట్లో గడియారమో చేసి నిలబెట్టేది బాబాయ్.

"నేను పొద్దస్తమానం నింపుతాను, మా వాడు పొద్దస్తమానం తీసేస్తాడు. ఇద్దరి కష్టం కలిపితే సున్నా" అని బావ, వచ్చిన వాళ్లందరికీ చెబుతాడు. వాళ్లు నవ్వేదాకా వదలడు.

ఆ స్టూడియోలో జిగురు వాడరు. తీగ వాడరు, లోపల పుల్ల పెట్టరు. "కాగితం తన కాళ్ల మీద తాను నిలబడాలి" అని టీచరు పత్రికల వాళ్లతో అంటుంది. మొదటి ఏడాది ఆ మాట అన్నది బాబాయ్. ఆమెకు గుర్తు లేదు. ఆయనకు గుర్తుంది కానీ పట్టింపు లేదు.

బొమ్మ పూర్తయ్యాక ఫ్యాను ఆపుతారు, కిటికీలు మూస్తారు, అందరూ బయటికి వెళ్లిపోతారు. బాబాయ్ ఒక్కడే కుర్చీ వేసుకుని దాన్ని చూస్తూ కూర్చుంటాడు. గంట నిలబడితే ఇక ఎన్నాళ్లయినా నిలబడుతుందని లెక్క. దాన్ని వాళ్లు నిలబడే గంట అంటారు. ఎదురుగా కదలకుండా కూర్చున్న మనిషిని తలుపు అద్దంలోంచి చూసి, "మొదలెట్టాడయ్యా కొంగ జపం" అంటాడు బావ.

ఈసారి నిజంగానే కొంగ. మనిషెత్తు ఉంటుంది. ఒంటికాలి మీద నిలబడాలి. పదకొండు రోజులుగా నిలబడటం లేదు. నలభై నిమిషాలకు కాలు కాస్త వంగుతుంది, తర్వాత ఒళ్లంతా ఒక పక్కకు ఒరుగుతుంది. కాలు మీద పొలుసుల కోసం మూడుసార్లు రంగు వేయడం వల్ల కాగితం మెత్తబడిందని టీచరు మొదటి రోజే తేల్చింది. ఆ మాట అన్న రోజు నుంచి బావ తన గదిలోంచి టీకి కూడా బయటికి రాలేదు.

మొన్న బస్సులో వెళ్తుంటే బావ ఉన్నట్టుండి అడిగాడు. "నా చెయ్యే బరువెక్కిందంటావా?"

బాబాయ్ కిటికీ వైపు తిరిగాడు. కాదని అనలేదు. మనసులో అవుననే అనుకున్నాడు.

ఇవాళ ఐదింటికి కొంగను ప్రదర్శనకు తీసుకెళ్లడానికి లారీ వస్తుంది. నాలుగులోపు నిలబడకపోతే కాలులో తీగ పెడతానని టీచరు నిన్న చెప్పేసింది. తీగ చుట్ట తెచ్చి గోడ మేకుకు తగిలించింది కూడా. పొద్దున వచ్చిన దగ్గర్నుంచి బాబాయ్ ఆ గోడ వైపు చూడటం లేదు. ముప్పై ఏళ్లలో ఒక్క బొమ్మలోనూ తీగ లేదు. ఆయనకంటూ చెప్పుకోవడానికి ఉన్నది అదొక్కటే.

పదింటికి టీ వచ్చింది. గ్లాసు పెట్టబోతే రెండు చుక్కలు బల్ల మీద ఒలికాయి. అక్కడ కొంగ కాలు కోయగా మిగిలిన కాగితం పేలిక ఒకటి పడి ఉంది, జానెడు పొడుగు, వేలెడు వెడల్పు. తడవగానే అది మెల్లగా కదిలింది. రెండు చివరలూ పైకి లేచి పడవలా వంగింది.

బాబాయ్ గ్లాసు కింద పెట్టలేదు. అలాగే పట్టుకుని చూస్తూ ఉండిపోయాడు.

కర్రకు ఉన్నట్టే కాగితానికీ పోగుంటుంది. పోగు వెంట చింపితే గీత గీసినట్టు చిరుగుతుంది. అడ్డంగా చింపితే కుక్క కొరికినట్టుంటుంది. నిలబడాల్సిన ముక్కకు పోగు కింది నుంచి పైకి ఉండాలి, లేకపోతే ఎంత బాగా మడిచినా నడుం నిలవదు. కొత్త కాగితం రాగానే బాబాయ్ ఒక పేలిక కోసి నాలుకకు తాకించేవాడు. పొడుగునా గొట్టంలా చుట్టుకుంటే పోగు పొడుగునా ఉన్నట్టు. పడవలా వంగితే అడ్డంగా ఉన్నట్టు. అది చూసి షీటు వెనక పెన్సిలుతో చిన్న బాణం గీసేవాడు. ఆ బాణాన్ని బట్టే బావ అచ్చు వేస్తాడు, దాన్ని బట్టే ఆయన కోస్తాడు. నిలబడే గంట గడిచాక ఆ బాణాలన్నీ రబ్బరుతో చెరిపేయడం ఆయన ఆఖరి పని. అందుకే ఇన్నేళ్లలో ఊరూరా తిరిగిన అన్ని బొమ్మల్లో ఎక్కడా ఆయన గీసిన గీత ఒక్కటి కూడా మిగల్లేదు.

రెండేళ్ల కిందట గుండెకు మాత్రలు రాశారు. అవి మింగితే నోరు ఎండిపోతుంది. నాలుకకు తాకించినా కాగితం తడవడం లేదు. గిన్నెలో నీళ్లు పెట్టుకుంటే ఎందుకని అడుగుతారు. ఎలాగూ తాము కొనే కొట్టు కాగితానికి ఎప్పుడూ పోగు పొడుగు వైపే కదా అని, చూడకుండానే బాణం గీయడం మొదలెట్టాడు. ఈసారి వచ్చిన కట్టలో పోగు అడ్డంగా ఉంది.

టీ చల్లారింది. బాబాయ్ కత్తి తీసుకుని ఐదు ఈకలు కోశాడు. ఐదూ బాగానే వచ్చాయి. తప్పును కాగితం తయారుచేసిన వాళ్ల మీదికి తోసేయొచ్చు. ఏమీ చెప్పకుండా, ఊరికే ఇంకోసారి చూద్దామని కాలు మళ్లీ చేయొచ్చు. బొమ్మ నిలబడితే ఎందుకు నిలబడిందని ఎవరూ అడగరు. బావ మాత్రం తన చెయ్యి బరువెక్కిందనే అనుకుంటూ మిగతా రోజులు గడుపుతాడు. ఆరో ఈక సగంలో ఆయన కత్తి పక్కన పెట్టాడు. సిగ్గుగా అనిపించింది.

"టీచరుగారూ, ఒకసారి ఇలా రండి. బావా, నువ్వు కూడా."

ఇద్దరూ వచ్చారు. బావ గుమ్మం దగ్గరే ఆగిపోయాడు, మోచేతుల దాకా నీలం రంగు. బాబాయ్ తడిసిన పేలికను చూపించాడు.

"తప్పు రంగుది కాదండీ. నాది. పోగు అడ్డంగా పెట్టాను."

టీచరు పేలిక తీసుకుని వెలుతురులో చూసింది. "మీరు చూడలేదా బాబాయ్?"

"లేదండీ."

"ఎందుకని?"

"ఈ మాత్రలు మొదలెట్టాక నోట్లో తడి ఉండట్లేదు. రెండేళ్లుగా చూడటం లేదు. గుడ్డిగా గీసేస్తున్నాను."

బావ ఒంటికాలి మీద లేస్తాడనే బాబాయ్ అనుకున్నాడు. లేచినా న్యాయమే. బావ మాత్రం చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు.

"ముప్పై ఏళ్లకు ఒక్క తప్పు చేశావు. అదీ తెచ్చి నా నెత్తిన పెట్టావు" అన్నాడు చివరికి. "నీ నోట్లో తడి లేకపోతే నా నోరేమైందిరా? పొద్దున్నుంచి రాత్రి దాకా ఆడుతూనే ఉంటుందని మీ అక్క ఏడుస్తుంది కదా! ఒక్క మాట అడగలేవూ?"

అని, కొత్త షీటు అంచు నుంచి తనే ఒక పేలిక కోసి, నాలుక చాచి దాని మీద పెట్టుకున్నాడు. నాలుక కూడా నీలమైంది. టీచరు మొహం పక్కకు తిప్పుకుని నవ్వింది. తర్వాత బావ వైపు చూసి, "నేను తొందరపడ్డాను" అంది. బావ తలూపాడు.

ఇంకో చిక్కు వచ్చింది. పోగు నిలువుగా వచ్చేలా షీటు తిప్పితే కాలికి పొడుగు చాలదు. రెండు ముక్కలు చేసి కలపాలి. కాలు ఒకే కాగితం కావాలని టీచరు మొదటి నుంచీ పట్టుబట్టింది.

"కొంగకు కాలు మధ్యలో ఒక కీలు ఉంటుంది కదండీ" అన్నాడు బావ. "దాన్ని మనం ఇన్నాళ్లూ మర్చిపోయాం."

ఆమె మేకుకు వేలాడుతున్న తీగ వైపు చూసింది. సరే అంది.

బాబాయ్ షీటు వెనక కొత్త బాణం గీశాడు. ఈసారి నిదానంగా గీశాడు. మధ్యాహ్నం లోపు బావ అచ్చు వేసి ఫ్యాను కింద ఆరబెట్టాడు. ఈలోగా బాబాయ్ మిగిలిన ఈకలు కోసి రెక్క పూర్తి చేశాడు. పదకొండు రోజుల తర్వాత ఇద్దరూ ఒకే బల్ల దగ్గర అక్క పంపిన డబ్బా విప్పుకుని తిన్నారు. బావ నాలుక ఇంకా నీలంగానే ఉంది. తింటున్నంతసేపూ దాన్ని చూడకుండా ఉండటానికి బాబాయ్ నానా తంటాలు పడ్డాడు.

"ఇంటికెళ్లాక మీ అక్కకు నువ్వే చెప్పు, ఏం తిన్నానో" అన్నాడు బావ.

రెండింటికి కోత మొదలైంది. రెండు గొట్టాలు, మూడు వేళ్ల పాదం, కీలు దగ్గర నాలుగు నాలుకలు. ఒకసారి ఎడమ చెయ్యి తిమ్మిరెక్కింది. విదిలించుకుని మళ్లీ పట్టుకున్నాడు. మూడుకు పది నిమిషాలుండగా నాలుగో నాలుక తన చీలికలోకి దిగి టక్కుమంది. ముగ్గురూ కలిసి ఒంటిని కాలి మీదికి ఎక్కించి, మెల్లగా చేతులు వదిలారు.

ఫ్యాను ఆపారు. కిటికీలు మూశారు. టీచరు, బావ బయటికి నడిచారు. బాబాయ్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. జేబులోంచి రబ్బరు ముక్క తీసి చేతిలో పెట్టుకున్నాడు.

"మొదలెట్టాడు" అన్నాడు బావ తలుపు అవతల.

నాలుగు కొట్టాక టీచరు తలుపు తీసింది. కొంగ పెట్టినది పెట్టినట్టే ఉంది. కీలు దగ్గర వెంట్రుకవాసి వంగలేదు. కిటికీ వెలుతురు ఈకల సందుల్లోంచి వచ్చి నేల మీద పడుతోంది.

"నిలబడింది బాబాయ్" అంది ఆమె, గాలి తగులుతుందేమోనని గొంతు తగ్గించి.

బాబాయ్ తల గుండెల మీదికి వాలి ఉంది. కళ్లజోడు ముక్కు చివరికి జారింది.

"లేవరా. అది నిలబడింది, నువ్వు పడుకున్నావు" అంటూ బావ వెళ్లి భుజం మీద చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి తీయలేదు. కాసేపటికి అక్కడే నేల మీద కూర్చున్నాడు.

ఐదింటికి డాక్టరు వచ్చాడు. పోయి గంట దాటి ఉంటుందని చెప్పాడు. అంటే ఆయన ఎంతసేపు చూశాడో, కొంగ ఎంతసేపు తనంతట తానే నిలబడిందో ఎవరూ చెప్పలేరు. లారీని వెనక్కి పంపేశారు.

లారీ మళ్లీ ఐదో రోజున వచ్చింది. ఆ రోజే అక్క కూడా తమ్ముడి వస్తువులు తీసుకెళ్లడానికి వచ్చింది. మొగుడు, తమ్ముడు ముప్పై ఏళ్లు పనిచేసిన చోటికి ఆమె రావడం అదే మొదటిసారి. కళ్లజోడు, చెప్పులు, డబ్బా సంచిలో వేసుకుంది. కొంగ చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఇది గీసింది ఈవిడ, రంగేసింది నువ్వు" అంది మొగుడితో. "మరి మా చిన్నోడిది ఏది ఇందులో?"

బావ నోరు తెరిచాడు. ఖాళీలన్నీ వాడివే అని చెప్పబోయి, మళ్లీ ఎవరైనా నవ్వుతారేమోనని ఊరుకున్నాడు.

అప్పుడే పెట్టెలో సర్దడానికి కూలీలిద్దరు కొంగను పైకెత్తారు. పాదం అడుగున పెన్సిలు బాణం కనిపించింది. అది చెరపడానికే టీచరు రబ్బరు ముక్క పట్టుకుని సిద్ధంగా ఉంది. చెయ్యి ముందుకు చాచి కూడా ఆగిపోయింది.

"ఇదమ్మా" అంది.

అక్క సంచి కింద పెట్టి, మోకాళ్ల మీద వంగి, దాన్ని చాలాసేపు చూసింది. "చిన్నప్పుడు పలక మీద కూడా ఇలాగే గీసేవాడు, చెయ్యి నొక్కకుండా" అంది. అప్పుడు ఏడ్చింది. కూలీలు కొంగను ఎత్తిన చేతులతో అలాగే పట్టుకుని నిలబడ్డారు.

మధ్యాహ్నానికి గది ఖాళీ అయింది. మేకు మీద తీగ చుట్ట లేదు, విప్పకుండానే కొట్టుకు ఇచ్చేశారు. బల్ల మీద, రబ్బరు పలక అరిగిన చోట, టీచరు తిరిగి పెట్టేసిన రబ్బరు ముక్క ఉంది. వేరుశెనగ గింజంత, ఒక వైపు నల్లగా, ఇంకో వైపు వాడకుండా తెల్లగా.