రాయి తగిలిన బావి

చెరుకు బండి వెనక నడవకూడదు, దుమ్మంతా ముఖం మీదికే, దాటి పోదామంటే కాళ్లు రావడం లేదు, బోధన్‌లో బస్సు దిగాక నాలుగు మైళ్లు, గ్రామసేవిక గంగమణి అంటే నన్ను ఈ బాటలో గొడ్లు కూడా గుర్తుపడతాయేమో, ట్రైనింగులో మాకు నేర్పింది ఒకటే, జనం ఒక అడుగు వేస్తే సర్కారు ఇంకో అడుగు వేస్తుందని, అది నమ్మే కదా పోయిన ఎండాకాలం లంబాడ తండాలో నిలబడి చెప్పాను, బావి మీరు తవ్వండి, రాయి తగిలితే పేల్చే మందు సర్కారు ఇస్తుందని, తవ్వారు, పగలంతా పరాయి చెరుకు చేలల్లో కూలి చేసి, పొద్దుగూకే వేళ వచ్చి తవ్వారు, ఆడవాళ్లు తట్టలు మోశారు, నాలుగు నిలువుల లోతున రాయి తగిలింది, అక్కడి నుంచి నా వంతు.

నా వంతంటే పంచాయతీ సమితి ఆఫీసులో బల్ల ముందు నిలబడటం, ఆరు నెలలుగా అదే బల్ల, ఈ పొద్దున గుమాస్తా మార్కండేయ కసురుకోలేదు కూడా, కూసో అమ్మా అన్నాడు, ఆంధ్ర దిక్కు జిల్లాలల్ల లంబాడోళ్లు గిరిజనుల జాబితాల ఉన్నరు, మన దిక్కు లేరు, గా గిరిజనుల పద్దు కింద మందు రాదు, ఫైలు బంద్ జేసిండ్రు, రెండు రాష్ట్రాలు కలిసి ఎనిమిదేళ్లయింది, జాబితాలు మాత్రం కలవలేదు, మరి వాళ్లు అంత లోతు తవ్వారు కదా అంటే, ఎవలు తవ్వుమన్నరు అన్నాడు, నేనే అనే బదులు, బావి ఆగినందుకు రిపోర్టులో కారణమేం రాయాలన్నాను, కారణం దగ్గర ప్రజలకు ఉత్సాహం లేదని రాసెయ్యి, అందరు గట్లనే రాస్తరు అన్నాడు, రాయకుండా లేచొచ్చాను, ధైర్యం కాదు, అలసట.

ఇప్పుడు సోమ్లి అవ్వకేం చెప్పాలి, తండాకు పెద్దది, నేను వెళ్తే జొన్నరొట్టె పెట్టి, ఇల్లిల్లూ తిరిగి మీటింగుకు జనాన్ని పిలుచుకొస్తుంది, మందు వచ్చే నెల వస్తుందవ్వా అంటే సరే బిడ్డా అంటుంది, ఒక్కసారీ ఎందుకు రాలేదని అడగదు, అడిగినా బాగుండేది.

పొగ, తండా పక్కన బావిలోంచి పొగ, ఎవరైనా పడ్డారా, పరుగెత్తాను, లోపల రాతి మీద ఎండిన చెరుకాకు, మొద్దులు మండుతున్నాయి, ఒడ్డున అవ్వ కొడుకు రూప్లా వాగు నీళ్ల కుండలతో నిలబడ్డాడు, మంట తగ్గాక కుమ్మరించాడు, బుస్సుమని ఆవిరి లేచి అడుగున రాయి పగిలిన చప్పుడు, పక్కనే ఉన్న అవ్వతో మందు రాదవ్వా అన్నాను, ఎరికే బిడ్డా అంది సోమ్లి, రాయి కాలవెట్టవట్టి రెండు నెలలాయె, మూరెడు దిగినం, నాకెందుకు చెప్పలేదంటే, వస్తది వస్తదని గంత దూరం నడిసి రావడ్తివి, రాదని నీకెట్ల జెప్పాలె, మరి మీటింగులకెందుకు వచ్చారవ్వా, మేం రాకుంటె నీ నౌకరి పోతదేమోనని, అంటూ చెమట తుడుచుకుంది, గోడలకు రెండు నెలల మసి, ఎలా కనబడలేదు నాకు, సిగ్గుతో ఈ ఒడ్డుకే రాలేదు, తొంగి చూడనే లేదు, చెరుకు నరికి అలిసిన వాళ్లు నాకోసం వచ్చి కూర్చుంటే మందు మీద ఆశతో వచ్చారనుకున్నాను, సర్కారు సాయం తండాకు చేరలేదు, తండా సాయంతోనే నేను సర్కారు కొలువులో ఉన్నాను.