ఒకటిన్నర వోల్టుల అన్న

సోమవారం పొద్దుటి నుంచి మా అన్న ఓదెలు ఎల్ఈడీ వెలిగినంతసేపే ఉంటున్నాడు.

గని పైకప్పు శనివారం కూలింది. అన్నతో కలిపి పదకొండు మంది కింద ఉండిపోయారు, ఒక్కరూ దొరకలేదు. ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి, అన్న పేరు రాసిన చిన్న బ్యాటరీని వదిన వజ్రమ్మ చేతిలో పెట్టాడు. దీన్ని మార్చడానికి వీల్లేదని, ఇది అయిపోతే మనిషి కూడా అయిపోతాడని చెప్పి సంతకం తీసుకున్నాడు. వదిన దాన్ని తెచ్చి నా బల్ల మీద పెట్టింది. మా కాలనీలో రేడియోలు, టార్చిలైట్లు బాగుచేసేది నేనే.

తెల్ల ఎల్ఈడీకి మూడు వోల్టులు కావాలి. బ్యాటరీలో ఉన్నవి ఒకటిన్నర. సన్నని రాగితీగతో కాయిల్ చుట్టి, ఒక ట్రాన్సిస్టర్ కలిపి వోల్టేజీ పెంచుతాను. ఎల్ఈడీ వెలుగుతుంది. అన్న కుర్చీలో కూర్చుని ఉంటాడు, కనుబొమ్మల నిండా బొగ్గుపొడి.

ఇలా వదిలేస్తే అన్న ఒక్క రోజే ఉంటాడు. అందుకని టైమర్ పెడతాను. అర సెకను వెలుగు, అర సెకను చీకటి. ఇప్పుడు రెండు రోజులు. అన్న అన్నం తింటాడు. చెయ్యి కంచంలో ఉంటుంది, కుర్చీ ఖాళీ అవుతుంది, చెయ్యి నోటి దగ్గర ఉంటుంది. పక్కింటివాళ్లు వచ్చి, మనిషి కొంచెం చిక్కాడంటారు.

మంగళవారం సాయంత్రం వదిన ఇంకా ఎక్కువ రోజులు కావాలని అడుగుతుంది. తక్కువ వోల్టేజీకి, దాదాపు ఏమీ వాడుకోకుండా నడిచే టైమర్ చిప్పు నా దగ్గర ఒకటి ఉంది. దానికి కరెంటు నింపుకునే పెద్ద కెపాసిటర్ పెడతాను. నిమిషానికొకసారి అది నిండి, ఒక్క మెరుపు మెరిసి ఖాళీ అవుతుంది. లెక్క వేస్తే మూడేళ్ల నాలుగు నెలలు. నా జీవితంలో నేను చేసిన మంచి సర్క్యూట్ ఇదే. వదిన నా తల నిమురుతుంది.

ఒక్కో మెరుపులో అన్న ఒక్క అక్షరమే పలకగలడు. శుక్రవారం పొద్దున్న మాట మొదలుపెడతాడు. నేను నోటుబుక్కులో రాసుకుంటాను. పద్దెనిమిది నిమిషాలు పడుతుంది.

"ఆరినప్పుడల్ల కిందనే ఉంటున్న. మీద బొగ్గున్నది."

వదినకు చదివి వినిపిస్తాను. ఆమె పుస్తకం తీసుకుని, తనకు చదువు రాకపోయినా, ఆ అక్షరాల మీద వేలు పెట్టి చూస్తుంది. ఈ మూడు రోజుల్లో అన్న మాతో ఉన్నది ఒక నిమిషం కూడా కాదని నాకు అప్పుడు లెక్క తేలుతుంది. మిగతా అంతా అక్కడే ఉన్నాడు.

"అది తీసెయ్యి, మల్లీశ్వరీ" అంటుంది వదిన.

తీసేస్తే సాయంత్రానికి అయిపోతాడని, ఉంచితే మూడేళ్లకు పైగా ఉంటాడని చెప్తాను.

"మూడేండ్లు మనకా, ఆయనకా?"

వేడి సోల్డరింగ్ ఐరన్‌తో టైమర్ చిప్పు కాళ్లు ఒక్కొక్కటే ఊడదీస్తాను. ఎనిమిది కాళ్లు. ఆఖరి దాని దగ్గర వేలు కాల్చుకుంటాను. బ్యాటరీని నేరుగా కాయిల్‌కు కలుపుతాను.

అన్న ఆగకుండా ఉంటాడు. పెద్దగా ఊపిరి పీల్చుకుంటాడు. వదిన వేణ్నీళ్లు పెట్టి వీపు రుద్దుతుంది. ఏడు బకెట్లు పోసినా నీళ్లు నల్లగానే పోతుంటాయి. వంటింటి రేకు కారుతోందని, వానలు పడేలోగా మార్చమని అన్న నాకు చెప్తాడు. బ్యాటరీ వోల్టులు చూపే మీటరు కనబడకుండా దాచమంటాడు. దాస్తాను కానీ, తలుపు వెనక్కి వెళ్లి చూసి వస్తూనే ఉంటాను. ఒకటి పాయింట్ ఒకటి. సున్నా పాయింట్ తొమ్మిది. భార్యాభర్తలు ఒకే కంచంలో తింటారు. సున్నా పాయింట్ ఏడు దగ్గర ట్రాన్సిస్టర్ ఆగుతుంది.

నాలుగు గంటలకు కంచం ముందు వదిన ఒక్కతే ఉంటుంది.

ఏడవడానికి నోరు తెరుస్తుంది. చప్పుడు రాదు. నోరు ఇంకా తెరుచుకుంటుంది, గుమ్మమంత అవుతుంది. లోపల నాలుక మీద పట్టాలు వేసి ఉన్నాయి. చల్లటి గాలి వస్తోంది. ముందున్నవాడి భుజం మీద చెయ్యి వేసుకుని, దీపాల్లేకుండా పదకొండు మంది లోపలికి నడుస్తున్నారు. ఎవరూ వెనక్కి తిరగరు. ఆఖరివాడు అన్న; అతని భుజం మీద ఎవరి చెయ్యీ లేదు.

లోపలికి వెళ్లమని వదిన కళ్లతో నన్ను తొందరపెడుతుంది. నేను చెప్పులు విడిచి, ఆమె కింది పళ్ల మీద కాలు పెడతాను.