ఆయన గొంతులో

కుక్కర్ మూత బిగించి, చేతులు తుడుచుకుని, ఆమె లాప్‌టాప్ ముందు కూర్చుని భర్త గొంతుకి ఊపిరి పెడుతోంది. ఊపిరంటే కామాలే. అవి లేకపోతే, టైపు చేసిందల్లా ఆయన గొంతుతో చదివే ఆ సాఫ్ట్‌వేర్, బండి తప్పిపోతుందన్నట్టు గుక్క తిప్పుకోకుండా చదివేస్తుంది. "అలసిపోయిన భార్యని" అన్నాక కాస్త ఆగాలి. అప్పుడే వినేవాళ్ల మనసు కరుగుతుంది.

ఆయనగారికి నెట్‌లో ఓ పేజీ ఉంది. సంసారం ఎలా చెయ్యాలో మగవాళ్లకి చెప్పే పేజీ. రాసేది ఆమె. చదివే తీరిక లేదు, వినిపించండి అని జనం అడిగితే, ఆయన ఒక్కసారి కూర్చుని నాలుగు పేరాలు చదివి తన గొంతుని సాఫ్ట్‌వేర్‌కి అప్పగించాడు. ఆయన పడ్డ కష్టం అంతే. రాతకోతలన్నీ ఆమెవి, పేరు ఆయనది.

"కింద నా పేరు కూడా వేద్దామా?" అని ఒకసారి అడిగింది.

"మొగుడూ పెళ్లాల మధ్య నీదీ నాదీ ఏంటి?" అన్నాడు, తిన్న కంచం అక్కడే వదిలేసి లేస్తూ. కంచం మాత్రం ఆమెదే అయింది.

ఇప్పుడు హాల్లో అత్తగారు ఫోన్‌లో ఓ పాత ఆడియో వింటున్నారు. జ్వరంతో వంట చేసిన ఆడదాని గురించి. ఆ జ్వరం ఆమెదే. ఆ రోజు ఈ అత్తగారే గుమ్మంలో నిలబడి, "పడుకుంటే ఇంకా ఎక్కువవుతుంది, లేచి తిరుగు" అన్నారు. ఇవాళ కళ్లొత్తుకుంటూ, "ఆడదాని బాధ మావాడికి తెలిసినట్టు ఎవరికి తెలుస్తుంది. అదృష్టవంతురాలివే అమ్మాయ్" అంటున్నారు.

ఆమెకి ఒళ్లు మండిపోయింది. రాతలు పోతే పోయాయి, చివరికి తన జ్వరం కూడా ఆయన ఖాతాలోకే వెళ్లింది. అదే మాట తన నోటి నుంచి వస్తే సణుగుడు, ఆయన గొంతులో పడితే జ్ఞానం. ఆ గొంతుకి ఇన్నాళ్లూ మెరుగులు దిద్దింది తన చేతులే కదా అని తన మీద కూడా కోపం వచ్చింది.

రాసిందంతా చెరిపేసింది. కుక్కర్ కూసింది, లేవలేదు. మళ్లీ టైపు చేసింది. ఆగాల్సిన చోటల్లా ఆపి, ఒకసారి విని, పేజీలో పెట్టేసింది.

హాల్లో ఫోన్ మోగింది. "మావాడు కొత్తదేదో పెట్టాడు," అంటూ అత్తగారు సౌండ్ పెంచారు.

"ఇప్పటిదాకా మీరు విన్నవాటిలో, ఒక్క మాట కూడా నాది కాదు," అంది ఆయన గొంతు, ఎక్కడా తడబడకుండా. "అన్నీ, నా భార్య రాసినవి. ఆవిడ జ్వరంతో వంట చేసిన రోజు, నేను, కూరలో ఉప్పు తగ్గిందన్నాను."